గృహరక్షణము: ఇరుగుపొరుగువారి కర్తవ్యము

ఏడాది పొడవునను ఎండకును వానకును ఓర్చి పండించిన పంట కాటాకెక్కి పైకమైన దినమున రైతునకు ఎంత సంతోషము కలుగునో, అంత అపాయమును ఆనాడే మొదలగును. పంట పొలమున నున్నంతకాలము దానిని ఒక రాత్రిలో మోసికొనిపోవుట ఎవ్వరికిని సులభము కాదు. అదియే నోట్లకట్టయై బీరువాలో చేరెనా, ఒక చేతిసంచిలో ఇమిడిపోవును. ఆడపిల్ల పెండ్లికని పదేండ్లపాటు కూడబెట్టిన బంగారమును అంతే. దొంగకది పావుగంట పని. కుటుంబమునకు పదేండ్ల వెనుకబాటు.

మన చిన్న పట్టణములు అటు పల్లెలును కావు, ఇటు నగరములును కావు. పల్లెలో ప్రతివారిని ప్రతివా రెరుగుదురు. ఆ యెరుక పట్టణములో తగ్గిపోయినది. నగరములో రాత్రి చాల ప్రొద్దుపోవువరకు వీథులలో జనసంచార ముండును. అదియు నిచట లేదు. మార్కెటు యార్డు, బస్సు స్టాండు, మిల్లులు ఉండుటచే క్రొత్త ముఖములు ప్రతిదినము వచ్చుచు పోవుచుండును. రాత్రి తొమ్మిది దాటినచో వీథి మాటుమణుగును. కావున ఇట్టి పట్టణములందు నివసించు సభ్యులు తమ యిండ్లను కాపాడుకొను మార్గములను గూర్చి ఈ మాసపు పాఠమున వివరించుచున్నాము.

పూర్వపు కావలి పద్ధతి

పూర్వము ప్రతి గ్రామమునకును తలారి యుండెడివాడు. రాత్రి గస్తీ తిరుగుట, ఊరికి వచ్చిన క్రొత్తవారిని కనిపెట్టుట, దొంగల జాడ తీయుట అతని పనులు. పోయిన సొత్తు దొరకనిచో కావలివారే నష్టమును పూడ్చవలెనను ఆచారము పెక్కుచోట్ల నుండెను. 1859లో చెన్నపురి రాజధానిలో పోలీసు చట్టము వచ్చినపిమ్మట ఈ భారము క్రమక్రమముగా సర్కారు పోలీసులకు చేరినది. అది మంచి మార్పే. కాని దానితోపాటు ఒక చెడుగు గూడ మనలో ప్రవేశించినది. కావలి యనునది ఠాణావారి పనియే గాని మన పని కాదని తలచుట అలవాటైనది. ఒక ఠాణా క్రింద పెక్కు గ్రామము లుండును. అచటి జవాను మన వీథికి రాత్రి ఒకమారు వచ్చినను గొప్పయే. మన ప్రక్కయింటివారో, రాత్రింబవళ్లును అచటనే యుందురు. ఈ పాఠము యొక్క సారమంతయు ఇందులోనే కలదు: తాళముకంటె పొరుగువాడు గట్టి కాపు.

దొంగ తెలిసికొనగోరు మూడు సంగతులు

కన్నపుదొంగ గుడ్డిగా రాడు. వచ్చుటకు ముందు మూడు సంగతులు తెలిసికొనును. ఇంటిలో సొత్తున్నదా యనునది మొదటిది. ఇంటివా రెప్పుడు ఉండరు అనునది రెండవది. తలుపు తెరచుటకు పట్టునంత సేపు ఎవ్వరును చూడకుందురా యనునది మూడవది. ఈ మూటిలో ఏ యొక్కటి తెలియకున్నను అతడు ప్రక్కయిల్లు వెదకికొనును. కావున గృహరక్షణమనగా ఈ మూడు తెలివిడులను అతనికి అందకుండ జేయుటయే.

మొదటిది: సొత్తున్నదని తెలియనీయకుండుట

పంట యమ్మిన పైకమును వీలైనంతవరకు ఖాతాకే జమ చేయించుకొనవలెను. పైకము చేతికే వచ్చినచో, ఆనాడే గాని మరునాడు గాని ఖాతాలో వేయవలెను. యార్డువద్దను, కాఫీ హోటలువద్దను నోట్లు లెక్కపెట్టుట, ఎంతకు అమ్మితిమో నలుగురిలో చెప్పుట తగదు. పైకముతో ఇంటికి వచ్చునపుడు ఒంటరిగా రాక తోడు గైకొనవలెను. "బండిక్రింద నోట్లు పడినవి", "చొక్కాపై మురికి పడినది" అని పలుకరించి దృష్టి మరల్చువారిని నమ్మి సంచి క్రింద పెట్టరాదు.

ఫోనుద్వారా జరుగు మోసములకు జడిసి కొందరు పైకము నింటనే దాచుకొనుచున్నారు. ఇది ఒక గోతికి భయపడి వేరొక గోతిలో దిగుటయే. ఫోను మోసమునకు విరుగుడు గోప్యత. రహస్యసంఖ్యలను, ఓ.టి.పి.ని ఎవ్వరికిని చెప్పకున్న చాల మోసములు అచటనే ఆగిపోవును. ఫోనులోనే నిన్ను అరెస్టు చేసితిమని బెదరించువాడు మోసగాడే. అట్టి అరెస్టు మన చట్టమున లేదు. ఒకవేళ పైకము పోయినచో తడవు చేయక 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. ఎంత త్వరగా తెలిపిన, ఆ పైకము చేతులు మారకమునుపే నిలుపుటకు అంత అవకాశ ముండును. బీరువానుండి పోయిన నోట్లకు ఇట్టి అవకాశము లేదు.

డిపాజిట్లనుగూర్చి సభ్యు లొక సంగతి స్పష్టముగా నెరుగవలెను. బ్యాంకులలోని డిపాజిట్లకు, అనగా వాణిజ్య బ్యాంకులకును, రాష్ట్ర, జిల్లా సహకార బ్యాంకులకును, 2020 ఫిబ్రవరి 4 మొదలుకొని ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్కరికి అసలు వడ్డీలు కలిపి 5 లక్షల రూపాయలవరకు డిపాజిట్ల బీమా కలదు. ప్రాథమిక సహకార సంఘములలోని డిపాజిట్లకు ఈ బీమా వర్తింపదు. మన సంఘముపై నమ్మకముంచవలదని దీని భావము కాదు. సంఘపు లెక్కలను, ఆడిటు నివేదికను సర్వసభ్య సమావేశమున అడిగి చూచుట సభ్యుని హక్కును, విధియు నని దీని భావము.

నిత్యము ధరింపని బంగారమును బ్యాంకు లాకరులో నుంచుట మేలు. 2022 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చిన రిజర్వు బ్యాంకు నిబంధనల ననుసరించి, అగ్నిప్రమాదము, దొంగతనము, దోపిడి, కట్టడము కూలుట, ఉద్యోగి మోసము వలన లాకరులోని వస్తువులు పోయినచో, ఆ లాకరు వార్షికపు అద్దెకు నూరు రెట్లవరకు బ్యాంకు బాధ్యత వహించును. అద్దె 2,000 రూపాయలైనచో బాధ్యత 2 లక్షలు మాత్రమే యని గ్రహింపవలెను. కావున ఉన్న బంగారమంతయు ఒకేచోట నుంచక, విలువను చూచి ఏర్పాటు చేసికొనవలెను.

ఇంటి బీమా యున్నది గదా యని ధీమాగా నుండువారును కలరు. 2021 ఏప్రిలు 1 మొదలు అమలులోనున్న "భారత్ గృహ రక్ష" పాలసీ ముఖ్యముగా అగ్ని, తుపాను, వరద మున్నగువానికి. అట్టి యుపద్రవము జరిగిన 7 దినములలోపల దాని మూలముగా జరిగిన దొంగతనము మాత్రమే అందు చేరును. మామూలు కన్నపు దొంగతనమునకు వేరుగా బీమా తీసికొనవలెను. పాలసీ కాగితమును చదివించుకొనక సంతకము చేయరాదు.

రెండవది: ఇల్లు ఖాళీయని తెలియనీయకుండుట

మన యిండ్లలో వాకిటి ముగ్గే దొంగకు ఉత్తరము. తెల్లవారి ఎనిమిది గంటలైనను కళ్లాపి లేక, ముగ్గు లేక యున్న వాకిలి "ఇంట నెవ్వరును లేరు" అని వీథికెల్ల చాటును. గుమ్మమున పడియున్న వార్తాపత్రికలు, పాలపొట్లములు, పగలంతయు వెలుగుచున్న వరండా దీపము, తలుపు వెలుపల వ్రేలాడు పెద్ద తాళము ఇట్టివే. పండుగకో పెండ్లికో తిరుపతి యాత్రకో పోవునపుడు ప్రక్కయింటి యిల్లాలిని వాకిలి చిమ్మి ముగ్గు వేయుమని కోరవలెను. ఆమె యూరికి పోయినపుడు మన మా పని చేయవలెను. పత్రికను, పాలను నిలిపివేయవలెను. వెలుపలికి కనబడని లోపలి తాళమును తలుపులోనే అమర్చుకొనుట మంచిది. చీకటి పడగానే పొరుగువారు ఒక దీపము వెలిగించి, ప్రొద్దుననే ఆర్పునట్లు ఏర్పాటు చేసికొనవలెను.

యాత్రలోనుండగనే వాట్సాపు స్టేటసులో కొండమీది ఛాయాచిత్రములు పెట్టుట యువకులకు పరిపాటియైనది. తిరిగివచ్చిన పిదప పెట్టినను దేవుడు కాదనడు. ప్రయాణమునకు ముందు ఠాణాలో తెలుపుటయు మేలు. తాళము వేసిన యిండ్ల పట్టీ ఉన్నచో గస్తీవారు ఆ వీథికి వచ్చినపుడు చూచిపోగలరు.

తాళపుచెవిని పూలకుండీ క్రిందను, గుమ్మముపైని గూటిలోను, చెప్పుల అరలోను దాచుట దొంగ చేతి కిచ్చుటతో సమానము. అందరును దాచుచోటనే దొంగయు ముందు వెదకును. నమ్మకమైన పొరుగువారి చేతికే ఇచ్చి పోవలెను.

మూడవది: సమయము చిక్కనీయకుండుట

తలుపు పగిలిన యిండ్లను చూచినచో తాళము చెక్కుచెదరక, గొళ్లెము మాత్రము ఊడియుండుట తరచు కనబడును. వేయి రూపాయల తాళమును పది రూపాయల మేకులపై నిలిపిన గొళ్లెమునకు వేయుటచే లాభము లేదు. గొళ్లెమును పొట్టి మేకులతో గాక, తలుపు దళసరిని దాటి లోపల నట్టు బిగించిన బోల్టులతో బిగింపవలెను. ద్వారబంధము గోడలో కదలుచున్నచో సిమెంటుతో పూడ్పింపవలెను. వీథి తలుపు గట్టిగానుండి పెరటి తలుపు రేకుదైనచో, అది వీథి తలుపు లేనట్లే. డాబా మెట్లపైని తలుపు, స్నానపుగది కిటికీ, పెంకుటింటి వెనుక చూరు, వీనిని మరువరాదు.

మన యిండ్లలో దొంగ వెంట తెచ్చుకొన నక్కరలేని పనిముట్లు పెరటిలోనే పడియుండును. గడ్డపార, నిచ్చెన, కొడవలి, పలుగు లోపల పెట్టి తాళము వేయవలెను. వేసవిలో అందరును డాబాపై పరుండునపుడు క్రింది తలుపులు లోపల గడియవేసి, మెట్ల తలుపు తాళపుచెవిని దిండు క్రింద నుంచుకొనవలెను. పెరటివైపు దీప ముండుట, ప్రహరిప్రక్క కంపలు నరికి చూపు సాగునట్లు చేయుట దొంగకు ఇష్టములేని పనులు.

కెమెరా పెట్టుకొనువారు దాని గడియారము సరిగా నడచుచున్నదో లేదో చూచుకొనవలెను. ఎన్నిదినముల చిత్రములు నిలువ యుండునో తెలిసికొనవలెను. చిత్రమును భద్రపరచు పెట్టెను గూడ దొంగ మోసికొనిపోవునట్లు ఎదుటనే పెట్టరాదు.

అన్నిటికంటె గొప్ప ఆటంకము శబ్దము విని తలుపు తీయు పొరుగువాడు. ప్రక్కయింటివారి ఫోను నంబరు గోడమీద వ్రాసియుంచుకొనవలెను. అపరాత్రి పొరుగింట చప్పుడైనచో "మనకెందుకు" అనుకొనక, దీపములు వెలిగించి, ఫోను చేసి, నలుగురిని లేపి, 112కు తెలుపవలెను. ఆయుధముతో వచ్చిన దొంగ కెదురుగా ఒంటరిగా పోవుట శౌర్యము కాదు. సొత్తు మరల సంపాదింపవచ్చును; ప్రాణము రాదు.

సొత్తు లెక్క

పోయిన సొత్తు దొరికినను అది మనదేయని చూపలేక యిబ్బందిపడువారు కలరు. కావున ప్రతి యింటను ఒక చిట్టా యుండవలెను. అందు ప్రతి నగ పేరు, తూకము, కొన్న అంగడి, తేది వ్రాసి, ఛాయాచిత్రము అంటింపవలెను. 2023 ఏప్రిలు 1 నుండి హాలుమార్కు నగలపై అక్షరములు, అంకెలు కలిపి ఆరింటి గుర్తు ఉండి తీరవలెను. ఏ రెండు నగలకును ఒకే గుర్తుండదు. దానిని భూతద్దముతో చూచి వ్రాసికొనవలెను. ఫోను యొక్క ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్య, మోటారు సైకిలు ఇంజను, ఛాసిస్ సంఖ్యలు, పొలములోని మోటారు పలకపై నున్న సంఖ్య గూడ ఎక్కింపవలెను. మోటారు ఒంటిపై తన పేరును ఉలితో చెక్కించిన రైతు మోటారును కొనుటకు పాతయినుము వర్తకుడు సైతము జంకును. ఈ చిట్టా ప్రతి నొకదానిని ఇంటిలో గాక వేరొకచోట నుంచవలెను.

దొంగతనము జరిగినచో

ఇంటికి వచ్చుసరికి తలుపు తెరచియున్నచో వెంటనే లోపలికి పరుగెత్తరాదు. దొంగ యింకను లోపలనే యుండవచ్చును. 112కు ఫోను చేయవలెను. బీరువాను, తలుపును, చెదరిన బట్టలను ముట్టరాదు. బంధువులందరును లోపలికి వచ్చి పరామర్శించినచో వ్రేలిముద్రలన్నియు కలిసిపోవును.

2024 జూలై 1 నుండి పాత శిక్షాస్మృతికి మారుగా భారతీయ న్యాయసంహిత అమలులోనికి వచ్చినది. నివాసగృహమునందు గాని, సొత్తు నిలువచేయు కట్టడమునందు గాని జరిగిన దొంగతనమునకు అందలి 305వ విభాగము క్రింద 7 ఏండ్లవరకు శిక్ష కలదు. ప్రొద్దు గ్రుంకినది మొదలు ప్రొద్దు పొడుచులోపల దొంగతనమునకై ఇంటికి కన్నము వేసినచో 331వ విభాగము క్రింద 14 ఏండ్లవరకు శిక్ష కలదు.

ఫిర్యాదు చేయుటలో సభ్యుల హక్కు లివి. నోటితో చెప్పినను ఠాణావారు వ్రాసికొని చదివి వినిపింపవలెను. ఎలెక్ట్రానిక్ సాధనముల ద్వారా పంపినచో 3 దినములలో సంతకము చేయవలెను. నేరము వేరొక ఠాణా సరిహద్దులో జరిగినను ఏ ఠాణాలోనైనను ఫిర్యాదు గైకొనవలెను. మొదటి సమాచార నివేదిక ప్రతిని ఉచితముగా ఇయ్యవలెను. 90 దినములలో విచారణ ఎంతవరకు వచ్చినదో ఫిర్యాదికి తెలుపవలెను. ఠాణావారు నిరాకరించినచో జిల్లా పోలీసు సూపరింటెండెంటుకు వ్రాతమూలముగా పంపవచ్చును. అప్పటికిని కానిచో మేజిస్ట్రేటును ఆశ్రయింపవచ్చును. "చిన్న సొత్తే గదా" యని ఊరకుండుట తప్పు. ఒక యింట చెప్పక మానిన దొంగతనము పది యిండ్లకు దారి చూపును.

అనుమానము చేయు అన్యాయము

ఇంతవరకు దొంగనుండి కాపాడుకొనుట చెప్పితిమి. ఇక మననుండి నిరపరాధులను కాపాడుట చెప్పవలసియున్నది. ఇదియు గృహరక్షణములో భాగమే.

1871లో ఆంగ్లప్రభుత్వము నేరస్థజాతుల చట్టమును చేసి, 1911 చట్టముతో దానిని చెన్నపురి రాజధానికిని విస్తరింపజేసినది. ఎరుకల మున్నగు తెగలవారిని పుట్టుకచేతనే దొంగలని పట్టీలో వ్రాసి, హాజరు చెప్పించి, సెటిల్మెంట్లలో నుంచిరి. బాపట్లకు సమీపముననున్న స్టూవర్టుపురము సాల్వేషన్ ఆర్మీవారి నిర్వహణలో అట్లు వెలసినదే. చెన్నరాష్ట్రమున 1947లోను, దేశమంతటను 1952 ఆగస్టు 31న ఆ చట్టము రద్దయినది. చట్టము పోయినను మాట పోలేదు. వీథిలో దొంగతనము జరుగగానే ఊరిచివర గుడిసెలవారిమీదను, వలస కూలీలమీదను వ్రేలు చూపుట నేటికిని కలదు. ఇది అన్యాయమేగాక అవివేకమును. మనము వారివైపు చూచుచుండగా, మన పైకమెప్పుడు వచ్చునో, తాళపుచెవి యెచట నుండునో తెలిసిన యసలు దొంగ తప్పించుకొనును.

2018 మే మాసమున పిల్లల నెత్తుకొనిపోవువారు వచ్చిరనియు, దొంగల ముఠాలు దిగినవనియు వాట్సాపులో పుకార్లు తెలుగు జిల్లాలందెల్ల వ్యాపించినవి. క్రొత్తవారిని పట్టి కొట్టిరి. కొందరు ప్రాణములు గోల్పోయిరి. దేశమున పెక్కుచోట్ల ఇట్టివే జరుగగా, ఆ యేడు జూలై 17న సుప్రీముకోర్టు మూకహత్యల నరికట్టుటకై ప్రభుత్వములకు ఆదేశములిచ్చినది. చనిపోయినవారు తిరిగి రారైరి. కొట్టినవారిలో అనేకులు అంతకుముందు ఏ నేరమును ఎరుగని సామాన్య గృహస్థులే. పుకారు వచ్చినచో పదిమందికి పంపుటకు ముందు ఠాణాకు ఒక ఫోను చేసి నిజమేమో తెలిసికొనవలెను.

దొంగ కంటబడి పట్టువడినచో నేమి చేయవలెను? కండ్లయెదుట ఇట్టి నేరము చేసినవానిని పట్టుకొనుటకు సామాన్యునకును హక్కు కలదు. కాని పట్టుకొన్నవానిని తడవు చేయక, ఎంత ఆలస్యమైనను 6 గంటలలోపల పోలీసులకు అప్పగింపవలెను. ఆత్మరక్షణకును, సొత్తు రక్షణకును చట్టము హక్కిచ్చినది. అది అపాయమున్నంతసేపే, అవసరమైనంతవరకే. చేతులు కట్టిన పిమ్మట కొట్టిన ప్రతి దెబ్బయు నేరమే. దొంగ జైలునుండి ఏడాదికి తిరిగివచ్చును. వానిని చంపిన గృహస్థుడు రాలేకపోవచ్చును.

సంఘము చేయదగిన పనులు

సహకారమనగా అప్పు లిచ్చుట, ఎరువు లమ్ముట మాత్రమే కాదు. ఒంటరిగా చేయలేనిదానిని కలిసి చేయుటయే సహకారము. కావలి యట్టిదే. ప్రతి వీథిలోను పదేసి యిండ్లవారు ఒక జట్టుగా ఏర్పడి, అందరి ఫోను నంబర్లను ఒక కాగితముపై అచ్చొత్తించి ప్రతి యింటను అంటించుకొనవలెను. ఊరికి పోవువారు జట్టులో ఇద్దరికి మాత్రము చెప్పిపోవలెను; అందరు చదువు గుంపులో వ్రాయరాదు. ఒంటరిగా నుండు వృద్ధులను ఉదయమును సాయంకాలమును ఎవరైన పలుకరింపవలెను. పంట అమ్మకపు దినములలో, పెండ్లి ముహూర్తములలో వంతులవారీగా గస్తీ తిరుగుటకు ఠాణాదారుతో మాటలాడి, ఆయన తెలిపిన విధముగా చేయవలెను. గస్తీవారు ఇద్దరికి తక్కువగా పోరాదు. వారికి దీపము, ఈల, ఫోను చాలును. కర్రలు, కత్తులు వలదు. వీథిదీపములు వెలుగనిచో పంచాయతీకి గాని పురపాలక సంఘమునకు గాని వ్రాతమూలముగా తెలిపి, రసీదు తీసికొనవలెను.

ఇందు సొమ్ము వ్యయమగు పనులు కొన్నియే. గొళ్లెపు బోల్టులు, పెరటి దీపము, ఒక చిట్టా పుస్తకము, అంతే. తక్కినదంతయు ఇరుగుపొరుగుల పలుకరింపు. సభ్యులు ఈ రాత్రియే తమ పెరటి తలుపు గొళ్లెమును ఒకమారు లాగి చూచుకొందురు గాక. రేపు ప్రక్కయింటివారి నంబరును అడిగి వ్రాసికొందురు గాక. రానున్న సర్వసభ్య సమావేశమున వీథి జట్టుల విషయమును ప్రస్తావించి, తమ తమ వీథుల పేర్లను కార్యదర్శికి ఇయ్యవలసినదిగా కోరుచున్నాము.